ఖాళీ కడ్డీ బరువు

పటాల గది, గ్రంథాలయం నేలమాళిగ
జూన్ 4

ఒరేయ్ పుల్లా,

నీకు జిమ్ములో ఉద్యోగం వచ్చిందని మీ నాన్న ఫోన్ చేశాడు. "ఎవరికి, మన పుల్లగాడికా?" అని మూడుసార్లు అడిగాను. చిన్నప్పుడు ఫ్యాను స్పీడు పెంచితే మంచం కోడు పట్టుకునేవాడివి. అయినా రోజులు మారతాయి, మేనల్లుళ్ళూ మారతారు. సంతోషం.

ఇప్పుడు నాకు నీతో పని పడింది. ఫోన్‌లో అడగను. ఫోన్‌లో అయితే రెండు జోకులేసి జారుకుంటావు. కాగితం మీద రాసింది ఎక్కడికీ పోదు.

మా పటాల గదిలో బరువులెత్తే అటెండరు రిటైరయ్యాడు, ఆ పోస్టు తీసేశారు. కొత్త అధికారి ఒక నియమం పెట్టాడు. ఈ గదిలో పనిచేసే మనిషి కింది అరలోని సంపుటాన్ని ఒంటరిగా తీసి బల్ల మీద పెట్టగలగాలి. సెప్టెంబర్ 15న పరీక్ష. తప్పితే నన్ను పైకి, సభ్యత్వ కార్డుల కౌంటరుకి మారుస్తారు. అక్కడ రోజంతా ఫోటోలకి జిగురు రాయాలి.

ఆ కింది అరలో ఉన్నవి నది పటాలు. ఒకాయన నలభై ఏళ్ళపాటు ఒకే నదిని మళ్ళీ మళ్ళీ గీశాడు. రెండేళ్ళకో సంపుటం, మొత్తం ఇరవై. నది ఏ ఏడు ఏ ఒడ్డు తిన్నదో పోల్చుకుంటూ పదకొండు పూర్తిచేశాను. ఇంకా తొమ్మిది ఉన్నాయి. ఒక్కోటి ఇరవై కిలోలు. నాకు యాభై ఆరేళ్ళు. కౌంటరుకి పోతే ఆ నది చివరికి ఎటు తిరిగిందో నాకు తెలియకుండా పోతుంది.

చెప్పు. ఈ వయసులో బలం వస్తుందా? మూడు నెలలు చాలా? ఏది ఎత్తాలి, ఎన్నిసార్లు?

నీ అత్తయ్య

జిమ్ము, ముందు గది
జూన్ 9

పూజ్యురాలైన అత్తయ్య గారి పాదాలకు మేనల్లుడు సాష్టాంగపడి (పడితే లేవడం కష్టం కనుక, మనసులోనే పడి) రాయునది.

నీ ఉత్తరం చదివి ఛాతీ రెండంగుళాలు పెరిగింది. ఇంతకాలానికి మన వంశంలో ఒకరు నన్ను సలహా అడిగారు. ఇక్కడ నా హోదా నీకు తెలియదు. నేను తలూపందే ఒక్క మనిషి కూడా లోపలికి వెళ్ళలేడు.

ఈ శాస్త్రంలో నా గురువు అద్దం అన్న. ఆయన రోజుకి మూడు గంటలు మా అద్దం ముందే గడుపుతాడు, పాపం వాళ్ళింట్లో లేదేమో. ఆయన బోధనలు నీకోసం దించేస్తున్నాను, శ్రద్ధగా విను.

మర్నాడు ఒళ్ళు నొప్పి పుట్టకపోతే నువ్వు చేసింది చేసినట్టే కాదు. రోజూ చెయ్యాలి, ఆదివారమూ వదలకూడదు. చెమట కారుతోందంటే కొవ్వు ఏడుస్తోందని అర్థం, కాబట్టి నడుముకి ప్లాస్టిక్ షీటు చుట్టుకో. మొదట వంద గుంజీలతో మొదలుపెట్టు. మధ్యలో మానేశావా, ఉన్న కండంతా కొవ్వుగా మారిపోతుంది. ఇంకో హెచ్చరిక: ఆడవాళ్ళు మరీ బరువులెత్తితే పది రోజుల్లో భుజాలు తలుపులంత అవుతాయట. నువ్వు పటాల గది గుమ్మంలో ఇరుక్కుంటే నాన్న నన్ను బతకనివ్వడు.

అయినా ఇరవై కిలోలకి ఇంత కంగారా అత్తయ్యా? అది మా ఖాళీ కడ్డీ బరువు! రెండు చివర్లా ఏ ప్లేటూ తగిలించని వట్టి ఇనుప కడ్డీ. ఇక్కడ దాన్ని ఎత్తేవాళ్ళని మనుషుల్లోనే లెక్కెయ్యరు.

బల విషయాల్లో నీ ఆస్థాన సలహాదారు,
పుల్ల

పటాల గది
జూన్ 17

ఒరేయ్ సలహాదారూ,

వంద గుంజీలు తీశాను. మొదటిరోజు ఏమీ తెలియలేదు. రెండోరోజు కుర్చీలోంచి లేవడానికి బల్లని బతిమాలుకోవాల్సి వచ్చింది. మూడోరోజు గ్రంథాలయానికి వచ్చి చూస్తే పటాల గదికి ఇరవై రెండు మెట్లు దిగాలి, ఒక్క మెట్టుకీ మోకాలు ఒప్పుకోవడం లేదు. ఆలోచించి వెనక్కి తిరిగి, గోడ పట్టుకుని, ఎండ్రకాయలా దిగాను. దిగి ఇటు తిరిగితే కింద కొత్త అధికారి.

"ఏమ్మా, ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది సార్. ఇలా దిగితే మెట్లు లెక్కపెట్టడం తేలిక."

నమ్మలేదు. మర్నాడు కార్డుల కౌంటరులో నాకోసం కుర్చీ వేయించాడు. మెత్త కూడా పెట్టించాడు. ఆ మెత్త చూసినప్పటినుంచి నాకు ముద్ద దిగడం లేదు.

ఇక ప్లాస్టిక్ షీటు సంగతి. చుట్టుకునే ముందు బరువు చూసుకున్నాను, తర్వాత చూసుకున్నాను. అరకిలో తగ్గింది. రెండు గ్లాసుల నీళ్ళు తాగాను. అరకిలో తిరిగి వచ్చేసింది. ఏడ్చింది కొవ్వు కాదురా, నీళ్ళు. షీటు మడిచి బియ్యం డబ్బా మీద కప్పాను.

ఇంకో సందేహం. మానేస్తే కండ కొవ్వవుతుందంటావు. నేను చదవడం మానేస్తే ఈ పుస్తకాలు కర్ర అయిపోతాయా? రెండూ వేరువేరు పదార్థాలు కదా, ఒకటి ఇంకొకటిగా ఎలా మారుతుంది?

కోపంతో అడగడం లేదు, తెలుసుకుందామని అడుగుతున్నాను. ఇవన్నీ నువ్వు చేసి చూసి చెప్పావా, విని చెప్పావా?

అత్తయ్య

జిమ్ము, ముందు గది
జూన్ 22

అత్తయ్యా,

నీ ఉత్తరం చదువుతూ "ఎండ్రకాయలా" దగ్గర నవ్వాను, "మెత్త" దగ్గర నవ్వు ఆగిపోయింది. కుర్చీలో ముడుచుకుని కూర్చున్నాను. సరిగ్గా అప్పుడే నా భుజం మీదుగా ఒక తల వంగింది. మా గ్రాము మేడమ్. పొద్దున పూట ఇక్కడ నేర్పించేది ఆవిడే. ఒకప్పుడు పోటీల్లో బరువులెత్తింది. ఎవరికైనా బరువు పెంచాలంటే అయిదు వందల గ్రాములు పెంచి, అక్కడ ఆగి, వాళ్ళ ముఖం చూస్తుంది. అందుకే ఆ పేరు.

"ఎవర్రా ఆవిడ?"

"మా మేనత్త, మేడమ్."

"వంద గుంజీలు చెయ్యమని ఎవరు చెప్పారు?"

"ఎవడో వెధవ, మేడమ్."

"ఆ వెధవ చేతిరాతా నీ చేతిరాతా ఒకలాగే ఉంటుందా?"

కాగితం, కలం తీశాను. తర్వాత గంటసేపు ఆవిడ చెప్పింది, నేను రాసుకున్నాను. ముందు ఒకసారి డాక్టరుకి చూపించుకోవాలట. వారానికి మూడు రోజులే చెయ్యాలి, మధ్యలో ఒకరోజు విరామం. ఎత్తినప్పుడు కాదట బలం వచ్చేది, ఎత్తిన తర్వాత తిని పడుకున్నప్పుడు. (ఈ ముక్క వినగానే నాకు ఈ శాస్త్రం మీద గౌరవం పెరిగింది. నేను పుట్టినప్పటినుంచి దాని రెండో సగం సాధన చేస్తున్నాను.) నొప్పి అలవాటు లేని పని చేశావని చెబుతుందంతే. బాగా చేశావని చెప్పదు. గుడ్డో, పాలో, చిక్కుడు గింజలో, పూటపూటా కొంచెం తినాలి.

ఒక గట్టి సంచీలో పాత పత్రికలు నింపు. అయిదు కిలోలతో మొదలుపెట్టు. కుర్చీ మీద నుంచి ఎత్తి బల్ల మీద పెట్టు. ఎనిమిదిసార్లు. ఇంకో రెండుసార్లు చెయ్యగలను అనిపించినప్పుడే ఆపెయ్యి. అది తేలికయ్యాక కొంచెం బరువు కలుపు. తర్వాత కుర్చీ నుంచి పీటకి, పీట నుంచి నేలకి దిగాలి. నడుం కాదు వంచాల్సింది, తుంటి దగ్గర మడిచి మోకాళ్ళు వంచాలి.

కండ కొవ్వవుతుందా అన్నావు. మేడమ్ నీ వాక్యం రెండుసార్లు చదివించుకుంది. "ఈవిడకి నేను చెప్పాల్సిందేమీ లేదు" అంది. మానేస్తే కండ తగ్గుతుంది, తిండి తగ్గకపోతే కొవ్వు పెరుగుతుంది. ఒకటి వెళ్ళిన ఇంట్లో ఇంకొకటి దిగుతుంది, అంతే.

నీ చివరి ప్రశ్నకి జవాబు రాయబోతుంటే కాగితం అయిపోయింది.

పుల్ల

పటాల గది
జూలై 15

పుల్లా,

కాగితం అయిపోయిందన్నావు. వెనకవైపు ఖాళీగానే ఉందిరా. సరే, పోనీ.

డాక్టరు చూసి, "చెయ్యండి, కానీ మెల్లగా" అన్నాడు. ఆరు కిలోల నుంచి పదకొండుకి వచ్చాను. అయిదుతో మొదలుపెట్టమన్నావు, పార్సిళ్ళ తూకం మీద పెడితే మొదటి సంచీ ఆరు తూగింది. తీసెయ్యడానికి మనసొప్పలేదు. ఇప్పుడు పీట మీద నుంచి ఎత్తుతున్నాను. మెట్లు ముందుకే దిగుతున్నాను. అధికారి ఎదురైనప్పుడు కావాలని రెండుసార్లు ఎక్కి దిగాను.

ఒక వింత గమనించాను, దాని సంగతి చెప్పు. మొదటిరోజు టేపుతో చెయ్యి కొలుచుకున్నాను, ఇరవై ఆరు సెంటీమీటర్లు. ఇవాళ కొలిచాను, ఇరవై ఆరే. భుజాలు తలుపులంత కాదు కదా, కిటికీ రెక్కంత కూడా కాలేదు. చెయ్యి అదే, ఎత్తే బరువు మాత్రం దాదాపు రెట్టింపు. మరి ఈ బలం ఎక్కడ దాక్కుందిరా? పటంలో కొత్త ఉపనది కనిపించకుండానే నదిలో నీళ్ళు రెట్టింపయితే నేను ఊరుకోను. ఎక్కడినుంచి వచ్చాయో వెతుకుతాను.

ఇంకొకటి. పొట్ట తగ్గుతుందని మన పక్కింటావిడ పడుకుని లేస్తూ పొట్ట వ్యాయామం రోజూ రెండు వందలు చేస్తోంది. పొట్ట గట్టిపడింది, కానీ లోపల. పైన ఉన్నది పైనే ఉంది. ఎందుకని?

అత్తయ్య

జిమ్ము, ముందు గది
జూలై 21

అత్తయ్యా,

నీ ప్రశ్నలు మోసుకెళ్ళి మోసుకెళ్ళి నాకు కండలు వస్తాయేమో అని భయంగా ఉంది. గ్రాము మేడమ్ నన్ను చూడగానే "ఇవాళేం అడిగింది?" అంటోంది. అద్దం అన్న కూడా అద్దం వదిలి వచ్చి వింటున్నాడు.

బలం దాక్కున్న చోటు దొరికింది. ఇల్లు మారేటప్పుడు బీరువా ఎత్తడం గుర్తుందా? ఆరుగురు పట్టుకుంటారు. ఒకడు ముందే ఎత్తుతాడు, ఒకడు ఇంకా చెయ్యే పెట్టడు, మా నాన్న పట్టుకోకుండా అరుస్తుంటాడు. బీరువా కదలదు. రెండోసారి అందరూ "ఊఁ" అని ఒక్కసారి ఎత్తితే లేస్తుంది. మనుషులు పెరగలేదు, కలిసి ఎత్తడం నేర్చుకున్నారు. నీ కండల్లోనూ మొదటి వారాల్లో ఎక్కువగా జరిగేది అదేనట. మెదడు అందర్నీ ఒకేసారి పిలవడం నేర్చుకుంటుంది. కండ పెరగడం తర్వాత, అదీ నెమ్మదిగా. ఆడవాళ్ళలో ఇంకా నెమ్మది. తలుపంత భుజాలు కావాలంటే ఏళ్ళ తరబడి అదే పని మీద కూర్చోవాలి.

పక్కింటావిడతో చెప్పు, ఏ చోటి కొవ్వు ముందు ఖర్చు చెయ్యాలో శరీరం మనల్ని అడగదు. పొట్ట వ్యాయామంతో పొట్ట కండ గట్టిపడుతుంది, దాని మీద కప్పుకున్న దుప్పటి పలచబడదు.

ఈ మధ్య ఇక్కడికి ఒక సన్నటి మనిషి వస్తున్నాడు. పేరు అనవసరం. ఖాళీ కడ్డీని నేల మీద నుంచి బాగానే ఎత్తాడు. గర్వం వచ్చింది. తల పైకి ఎత్తబోయాడు. చెవుల దాకా వచ్చి ఆగిపోయింది. పైకీ వెళ్ళదు, కిందికీ రాదు. జనం చూస్తున్నారు. గ్రాము మేడమ్ వచ్చి రెండు వేళ్ళతో దించింది. పాపం అనిపించింది, అందుకే రాశాను.

పుల్ల

పటాల గది
ఆగస్టు 19

పుల్లా,

నిన్న అందరూ వెళ్ళాక ఇక్కడే సంచీ తూచాను. ఇరవై కిలోల రెండు వందల గ్రాములు. నేల మీద నుంచి బల్ల మీదికి ఎత్తాను. ఒకసారి కాదు, మూడుసార్లు. ఒంటరిగా ఉన్నాను కాబట్టి చప్పట్లు కూడా నేనే కొట్టుకున్నాను.

ఆ ఊపులో ఇవాళ పొద్దున అందరికంటే ముందు వచ్చి పన్నెండో సంపుటం దగ్గర కూర్చున్నాను. అరలోంచి లాగాను. మోకాళ్ళు వంచాను, నువ్వు చెప్పినట్టే. ఎత్తాను. జానెడు లేచింది, అంతే. నడుం కలుక్కుమంది, మెల్లగా దించేశాను. మళ్ళీ ప్రయత్నించాను. మళ్ళీ జానెడే.

నేల మీది పార్సిళ్ళ తూకం మీదికి జరిపి చూశాను. సంపుటం ఇరవై కిలోలే. సంచీ కంటే రెండు వందల గ్రాములు తక్కువ. ఎక్కువ ఎత్తిన చేతులు తక్కువ ఎత్తలేకపోవడం ఏమిటి? నేనేమీ కొత్తగా చెయ్యలేదు. నాకు ముందు ఈ గది చూసుకున్న పెద్దాయన నేర్పిన పద్ధతిలోనే పట్టుకున్నాను. రెండు చేతులూ ముందుకు చాచి, అట్ట ఒంటికి తగలకుండా. ముప్ఫై ఏళ్ళుగా ప్రతి పుస్తకాన్నీ అలాగే ఎత్తాను.

ఇంకా నాలుగు వారాలు లేవు. నవ్వించే మాటలు రాయకు ఈసారి. నాకు భయంగా ఉంది.

అత్తయ్య

జిమ్ము, లోపలి గది
ఆగస్టు 23

అత్తయ్యా,

నవ్వించను.

నీ ఉత్తరం గ్రాము మేడమ్‌కి చదివి వినిపించాను. "చేసి చూపించు" అంది. పది కిలోల ప్లేటు ఇచ్చింది. ఛాతీకి ఆనించి పట్టుకుని గదంతా తిరిగాను, పర్వాలేదు. "ఇప్పుడు మీ అత్తయ్యలాగా" అంది. చేతులు చాచాను. మూడో అడుగుకి భుజాలు కాలిపోయాయి, నడుం వెనక్కి లాగింది, ప్లేటు దించేశాను. అదే ప్లేటు, అత్తయ్యా. దూరం ఒక్కటే మారింది.

మేడమ్ అడిగింది: "ఆ పుస్తకానికీ ఆవిడకీ ఏమైనా మాటల్లేవా? అంత దూరం పెట్టిందేమిటి?"

బరువు ఒంటికి ఎంత దూరంగా ఉంటే నడుం మీద అంత ఎక్కువ పడుతుంది. సంచీని నువ్వు తెలియకుండానే పొట్టకి ఆనించుకుని ఎత్తుతున్నావు. పుస్తకాన్ని ఒంటికి హత్తుకుని లేవాలి. ఇంతే కిటుకు.

ఇక నీ జూన్ ప్రశ్న. ఇవి చేసి చెప్పావా, విని చెప్పావా అన్నావు. వినే చెప్పాను. నేనిక్కడ నేర్పించేవాణ్ణి కాదు. ముందు గదిలో తాళాలిస్తాను, తువ్వాళ్ళు మడతపెడతాను, సాయంత్రం అద్దం తుడుస్తాను. నేను తలూపందే ఎవరూ లోపలికి వెళ్ళరన్నది నిజమే, గేటు మీట నా బల్ల మీదే ఉంది. నీ మెట్ల ఉత్తరం వచ్చేదాకా ఒక్క బరువూ ముట్టుకోలేదు. కడ్డీ చెవుల దగ్గర ఆగిపోయిన ఆ సన్నటి మనిషి నేనే. నువ్వొక్కదానివే నన్ను సలహా అడిగావు, తెలియదని రాయడానికి చెయ్యి రాలేదు. ఆ కుర్చీ, ఆ మెత్త నా వల్లే వచ్చాయి. క్షమించు.

పుల్ల

పటాల గది
ఆగస్టు 29

ఒరేయ్ పిచ్చివాడా,

నాకు మొదటి ఉత్తరంలోనే తెలుసు. నిజంగా బరువులెత్తేవాడు ఖాళీ కడ్డీని చూసి నవ్వడురా. ఏ పనిలోనైనా అంతే, మొదటి మెట్టు చూసి నవ్వేవాడు ఇంకా మెట్లెక్కలేదని అర్థం. అయినా నీకే ఎందుకు రాస్తూ వచ్చానంటే, రెండో ఉత్తరం నుంచి నువ్వు నిజంగా వెళ్ళి అడిగి వస్తున్నావు. అడిగి వచ్చేవాడు చాలు నాకు.

కానీ నువ్వు చెప్పిన కిటుకు నాకు బరువు కంటే కష్టంగా ఉంది. ఈ గదిలో చేరిన మొదటిరోజు పెద్దాయన నా చేతులు పట్టుకుని చూపించారు. "పుస్తకం ఒంటికి తగిలితే చెమట అంటుతుంది, బొత్తాం గీరుకుంటుంది, తోలు చచ్చిపోతుంది. చంటిబిడ్డ కాదమ్మా ఎత్తుకోవడానికి" అన్నారు. ఆయన పోయి పన్నెండేళ్ళు. ఇప్పటికీ ఏదైనా అట్ట నా చీరకి తగిలితే వెనక్కి తిరిగి చూస్తాను.

రెండు రోజులు ఆలోచించాను. ఆయన కాపాడమన్నది పుస్తకాన్ని. దూరం అందుకు ఒక ఉపాయం మాత్రమే. ఆయన ఆరడుగుల మనిషి, దూరంగా పట్టుకున్నా ఎత్తగలిగారు. నేను చెయ్యి జారి పడేస్తే తోలు కాదు, పుస్తకమే చస్తుంది. అందుకని ఉతికిన నూలు గుడ్డతో మెడ నుంచి మోకాళ్ళ దాకా ఒక ఆప్రాన్ కుట్టుకున్నాను. బొత్తాలు లేవు, హుక్కులు లేవు, వెనక ముడి. అరచేతులకి నూలు తొడుగులు. రేపటినుంచి సంచీని కూడా హత్తుకునే ఎత్తుతాను.

నువ్వు మాత్రం ఎత్తడం మానకు. చెవుల నుంచి తల పైకి ఎంత దూరమని, జానెడే కదా.

అత్తయ్య

జిమ్ము, లోపలి గది
సెప్టెంబర్ 11

అత్తయ్యా,

గ్రాము మేడమ్ ఆజ్ఞ: 13, 14 తేదీల్లో ఏమీ ఎత్తకు. ముందురోజు చేసిన సాధన పరీక్షకి పనికిరాదు, అలసటే మిగులుతుంది. తిను, పడుకో. 15న ముందు తేలికైన పుస్తకం రెండుసార్లు ఎత్తి ఒళ్ళు వేడెక్కించు. ఊపిరి బిగబట్టి ఉంచుకోకు, లేస్తూ వదులు.

అద్దం అన్న కూడా నీకు చెప్పమన్నాడు. అద్దంలోంచే నన్ను చూసి, "బాగా చెయ్యమను" అని వెళ్ళిపోయాడు.

పుల్ల

పటాల గది
సెప్టెంబర్ 16

ఒరేయ్ పుల్లా,

నిన్న పదింటికి అధికారి వచ్చాడు, చేతిలో ఫైలు. వెనక కార్డుల కౌంటరు అమ్మాయి, సాక్షిగా. ఆ పిల్ల నా వంక జాలిగా చూసింది. నా ఆప్రాన్ చూసి అధికారి, "వంటగదికి అటు వెళ్ళాలమ్మా" అన్నాడు. నవ్వాను. ఈ మూడు నెలల్లో నీ వల్ల అలవాటైంది.

పన్నెండో సంపుటం అర అంచుదాకా లాగాను. మోకాళ్ళు వంచి, రెండు చేతులూ దాని కిందికి పోనిచ్చి, ఛాతీకి ఆనించుకున్నాను. ముప్ఫై ఏళ్ళుగా దీని పక్కనే ఉన్నానా, దీని వాసన నాకు నిన్ననే తెలిసింది. పాత తోలు, కొంచెం కర్పూరం, ఏదో నది బురద. బురద నా భ్రమే అయ్యుంటుంది. అలవాటు కొద్దీ వెనక్కి చూడబోయాను. ఎవరూ లేరు. లేచాను.

జానెడు దాటింది. మోకాళ్ళు దాటింది. నువ్వు రాసిన బీరువా గుర్తొచ్చింది, లోపల అందరూ "ఊఁ" అన్నారు. నిటారుగా నిలబడి నాలుగడుగులు వేసి బల్ల మీద ఆనించాను. చప్పుడు కూడా రాలేదు. కౌంటరు అమ్మాయి చప్పట్లు కొట్టి, అధికారిని చూసి ఆపేసింది.

ఆయన ఫైల్లో టిక్కు పెట్టాడు. "సరేనమ్మా, ఉంచుతున్నాం. ఇక మళ్ళీ అరలో పెట్టెయ్యండి, చూద్దాం."

"పెట్టను సార్" అన్నాను.

"అదేం?"

"తీసింది చూడ్డానికి కదా. సాయంత్రం పెడతాను."

ఆయన ముందే తెరిచాను. పదకొండో సంపుటంలో తూర్పు ఒడ్డుని తింటూ వచ్చిన నది ఇందులో మనసు మార్చుకుని పడమరకి తిరిగింది. మధ్యలో ఒక కొత్త లంక. అధికారి వెళ్ళబోయినవాడు ఆగి, కళ్ళజోడు తీసి వంగి, "ఇది ముందు లేదా?" అని అడిగాడు. లేదన్నాను. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. భోజనాల గంట కొట్టేదాకా లేవలేదు.

సాయంత్రం నేనే తిరిగి అరలో పెట్టాను. దించడం ఎత్తడం కంటే కష్టమని మీ మేడమ్‌కి తెలుసా? అడిగి రాయి.

ఇంకా ఎనిమిది ఉన్నాయి. నీకు సెలవు దొరికిన రోజు రా. పదమూడోది నువ్వు ఎత్తుదువుగాని. నీ కొలతకి ఇంకో ఆప్రాన్ కుట్టి పెట్టాను. గుడ్డ చాలా తక్కువ పట్టింది.

అత్తయ్య